హెల్మెట్ ఎప్పుడు తీసేయాలి: మా బాబు తల కొలతల డైరీ

ఐదున్నర నెలలు, జూన్

బాబు తల ఆకారం సరిచేయడానికి హెల్మెట్ పెట్టడం మొదలుపెట్టిన వారంలోనే, దాన్ని ఏ ఆధారంతో తీసేయాలో రాసి ఉంచుకోవడం మంచిదనిపించి ఈ డైరీ ప్రారంభిస్తున్నాను. పెట్టాలా వద్దా అన్న విషయం మీద డాక్టర్లూ బంధువులూ స్నేహితులూ ఎంతైనా చెబుతారు గానీ, ఎప్పుడు తీయాలి అని అడిగితే మాత్రం "చూద్దాం" అన్న మాటే ఎక్కువగా వినిపిస్తోంది. మేముండేది డాలస్ శివారులో. ఇక్కడి ఎండల్లో పసివాడి తల మీద రోజుకు 23 గంటలు ఒక ప్లాస్టిక్ చిప్ప ఉంచుతున్నప్పుడు, ఆపవలసిన సమయం గురించి ముందే ఆలోచించడం తల్లిదండ్రుల బాధ్యత అని నా నమ్మకం.

బాబుకు ఉన్నది పొజిషనల్ ప్లేజియోసెఫలీ, అంటే ఎప్పుడూ ఒకే చోట ఒత్తిడి పడటం వల్ల తల ఒక పక్క చదునుగా మారడం. వాడికి మెడలో ఎడమవైపు కండరం బిగుసుకుని ఉండటంతో (దీన్ని టార్టికాలిస్ అంటారు) ముఖం ఎప్పుడూ కుడివైపుకే తిప్పి పడుకునేవాడు. దాంతో తల వెనక కుడి భాగం చదునైంది, కుడి చెవి కొద్దిగా ముందుకు జరిగింది, కుడి నుదురు కొంచెం పొంగింది. పైనుంచి చూస్తే ఒక పక్కకు ఒరిగిన చతుర్భుజంలాగా కనిపిస్తుంది. పుర్రె ఎముకల మధ్య అతుకులు ముందే కలిసిపోయే క్రేనియోసినోస్టోసిస్ కాదని పిల్లల న్యూరోసర్జన్ పరీక్షించి నిర్ధారించాకే మేము ముందుకు వెళ్ళాం. తల వెనక అతుకు మూసుకుపోయిన పిల్లల్లో చదునైన వైపు చెవి సాధారణంగా వెనక్కి జరుగుతుందట. మావాడికి ముందుకు జరగడం ఆయన చూసిన గుర్తుల్లో ఒకటి. ఆ జబ్బయితే సాధారణంగా శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది కాబట్టి, ఈ నిర్ధారణ లేకుండా ఎవరూ హెల్మెట్ జోలికి వెళ్ళకూడదు.

పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992లో సూచించింది, 1994 నుంచి అది దేశమంతటా ప్రచారంగా సాగింది. నిద్రలో జరిగే ఆకస్మిక శిశుమరణాలు ఆ తరవాతి సంవత్సరాల్లో దాదాపు సగానికి తగ్గాయి, తల చదునయ్యే పిల్లల సంఖ్య మాత్రం పెరిగింది. ఈ రెండింటినీ తూకం వేసినప్పుడు వెల్లకిలా పడుకోబెట్టడం మానే ప్రశ్నే లేదు. మా అత్తయ్యగారు గుంటూరు నుంచి ఎంతో ప్రేమగా ఆవాల దిండు కుట్టి తెచ్చారు గానీ, పసిపిల్లల ఉయ్యాలలో ఏ దిండూ ఉండకూడదని, తల ఆకారం సరిచేస్తామని అమ్మే దిండ్లు వాడవద్దని 2022లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించిందని వివరించినప్పుడు ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా దాన్ని పెట్టెలో పెట్టేశారు. మెడ వ్యాయామాలూ, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టడమూ, ఉయ్యాలలో తల దిశ మార్చడమూ రెండో నెల నుంచి చేస్తూనే ఉన్నాం. మెడ చాలావరకు వదులైంది గానీ తల ఆకారం ఆశించినంత మారలేదు.

ఇక కొలతలు. తల మధ్యగీతకు 30 డిగ్రీల కోణంలో రెండు ఐమూల గీతలు తీసుకుని, వాటి పొడవుల తేడా చూస్తారు. ఇవాళ్టి స్కాన్‌లో కుడి నుదుటి నుంచి ఎడమ వెనక భాగానికి 143 మి.మీ., ఎడమ నుదుటి నుంచి కుడి వెనక భాగానికి 131 మి.మీ. వచ్చాయి. తేడా 12 మి.మీ.; మా క్లినిక్ పద్ధతిలో దాన్ని పొడవైన గీతతో భాగించి శాతంగా చెబితే 8.4. వారు వాడే అట్లాంటా పిల్లల ఆసుపత్రి పట్టికలో 3.5 కంటే తక్కువైతే మొదటి మెట్టు, అంటే మామూలు తలగానే లెక్క, 6.25 వరకు రెండోది, 8.75 వరకు మూడోది, 11 వరకు నాలుగోది, ఆపైన ఐదోది. మావాడు మూడో మెట్టు పైఅంచున ఉన్నాడు. తల చుట్టుకొలత 43.2 సెం.మీ.

ఆపడానికి ప్రమాణాలుగా నేను రాసుకున్నవి మూడు ప్రశ్నలు. తేడా ఎంతకు తగ్గింది? ఇంకా తగ్గుతూనే ఉందా, లేక నిలిచిపోయిందా? మెడ రెండు వైపులా సమానంగా తిరుగుతోందా? సున్నా రావాలని ఎక్కడా రాయలేదు. పెద్దవాళ్ళలో కూడా తల పూర్తిగా సమానంగా ఉండేవారు అరుదు.

మొదటి వారాలు

మొదట కొద్ది గంటలతో ప్రారంభించి కొన్ని రోజుల్లో 23 గంటలకు తెచ్చాం. బాబు అనుకున్నదానికంటే త్వరగా అలవాటుపడ్డాడు, మాకే కొంత సమయం పట్టింది. భుజం మీద వేసుకున్నప్పుడు మెత్తని తల బదులు గట్టి అంచు చెంపకు తగలడం నాకు చాలా రోజులు బాధగా ఉండేది.

మిగిలిన ఆ ఒక్క గంటలో చేయవలసిన పని చాలా ఉంది. సాయంత్రం హెల్మెట్ తీయగానే ముందు దీపం దగ్గర చర్మం చూస్తాను. కుడి కనుబొమ్మ పైన, ఎడమ చెవి వెనక ఎర్రగా కందిన గుర్తులు కనిపిస్తాయి. హెల్మెట్ పని చేసేది అక్కడే కాబట్టి అవి ఉండటం సహజం. కానీ స్నానం చేయించి, పాలు పట్టే లోపు అవి చెదిరిపోవాలి. గంట దాటినా ఎరుపు తగ్గకపోతే హెల్మెట్ తిరిగి పెట్టకుండా క్లినిక్‌కు ఫోన్ చేయమన్నారు. చెవి వెనక గుర్తు ఒకసారి అలాగే నిలిచిపోయింది. మరునాడు ఆర్థోటిస్టు (హెల్మెట్ అమర్చి సరిచేసే నిపుణురాలు) ఆ భాగంలో నురుగు పొరను వేలి గోరు మందాన చెక్కి ఇచ్చాక మళ్ళీ ఆ ఇబ్బంది రాలేదు. బాబు స్నానం జరుగుతుండగా మా వారు హెల్మెట్ లోపలి భాగాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి ఫ్యాను ముందు ఆరబెడతారు. తడి ఆరకుండా పెడితే పుల్లటి వాసన పట్టడమే కాక చర్మం మీద చెమటకాయలు లేస్తాయి.

తలకు నూనె రాయవద్దన్నారు. నూనె నురుగు పొరను పాడుచేస్తుంది, చెమటతో కలిస్తే చర్మం రేగుతుంది. ఒళ్ళంతా నూనె మర్దనా చేసి, నలుగు పెట్టి, మాడుకు కూడా నూనె అద్దకుండా స్నానం ముగించడం అత్తయ్యగారికి మనసు ఒప్పని పని. అయినా ఆవిడ ఆ నియమాన్ని మాకంటే కచ్చితంగా పాటిస్తున్నారు.

ఆరున్నర నెలలు, జులై

స్కాన్‌లో 145, 136. తేడా 9 మి.మీ., శాతం 6.2. చుట్టుకొలత 44.2 సెం.మీ.

ఈ అంకెల్ని విడదీసి చూస్తే హెల్మెట్ ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. పొడవైన గీత 2 మి.మీ. మాత్రమే పెరిగింది, పొట్టి గీత 5 మి.మీ. పెరిగింది. హెల్మెట్ తలను నొక్కి ఆకారం మార్చదు. పొంగిన చోట్ల ఆనుకుని ఉండి, చదునైన చోట ఖాళీ వదులుతుంది. పెరిగే మెదడు పుర్రెను ఆ ఖాళీలోకి తోసుకుంటుంది. కుండ వానే కుమ్మరి లోపల ఒక చేయి, బయట ఒక చేయి పెట్టి ఆకారం తెచ్చినట్టుగా ఇక్కడ లోపలి చేయి మెదడు పెరుగుదల, బయటి చేయి హెల్మెట్. లోపలి చేయి నెమ్మదించినప్పుడు బయటిది ఎంతసేపు ఉన్నా చేయగలిగింది తక్కువ. ఎప్పుడు తీయాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నాకు తోస్తోంది.

తల చుట్టుకొలత మొదటి మూడు నెలల్లో నెలకు సుమారు 2 సెం.మీ., తరవాతి మూడు నెలల్లో నెలకు 1 సెం.మీ., ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య నెలకు అర సెం.మీ. చొప్పున పెరుగుతుందని పిల్లల డాక్టర్లు చెప్పే లెక్క. 18 నెలల వయసు వరకు ఈ హెల్మెట్లు వాడటానికి ఎఫ్‌డీఏ అనుమతి ఉన్నమాట నిజమే. అనుమతి ఉన్నంతకాలం ప్రయోజనం కూడా అదే స్థాయిలో ఉంటుందని మాత్రం అనుకోకూడదు.

ఏడున్నర నెలలు, ఆగస్టు

145, 138. తేడా 7, శాతం 4.8. చుట్టుకొలత 44.8.

బాబు ఇప్పుడు రెండు వైపులా దొర్లుతున్నాడు. హెల్మెట్‌తోనే మొదటిసారి బోర్లా పడ్డాడు, ఆ రోజు అత్తయ్యగారు బొబ్బట్లు చేసి చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ పంచారు. ఆ తరవాత పొరుగింటావిడ "ఏమ్మా, ఇంకా ఎన్నాళ్ళు ఈ టోపీ?" అని అడిగారు. ఆపే ప్రమాణాలు రాసుకున్నాను గానీ తేదీ రాసుకోలేదు కాబట్టి, "కొలత ఆగేదాకానండీ" అన్నాను.

ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో బాబుకు తల చెమటతో తడిసిపోతోంది. బయటికి తీసుకువెళ్ళడం ఉదయానికీ రాత్రికీ మార్చుకున్నాం. మధ్యాహ్నం ఒకసారి తీసి తల తుడిచి, హెల్మెట్ ఆరబెట్టి మళ్ళీ పెట్టడానికి ఆర్థోటిస్టు అనుమతి ఇచ్చారు.

ఈ నెలలో పరిశోధనలు కొన్ని శ్రద్ధగా చదివాను. వీటిలో అందరూ ప్రస్తావించేది 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం. ఐదారు నెలల వయసున్న 84 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు నెలలు హెల్మెట్ పెట్టి, మరో గుంపును ఏ చికిత్సా లేకుండా వదిలి, రెండేళ్ళ వయసులో కొలిచారు. పూర్తిగా బాగుపడినవారు హెల్మెట్ గుంపులో 26 శాతం, రెండో గుంపులో 23 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. మరీ తీవ్రంగా ఉన్న పిల్లల్నీ, మెడ బిగుసుకున్న పిల్లల్నీ ఆ అధ్యయనంలో చేర్చలేదు. హెల్మెట్లు సరిగ్గా అమరక జారిపోయాయని చాలామంది తల్లిదండ్రులు చెప్పారు. అందువల్ల మావాడికి అది నేరుగా వర్తించదు. 2016లో అమెరికాలోని న్యూరోసర్జన్ల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు, వ్యాయామాలతోనూ పడుకోబెట్టే తీరు మార్చడంతోనూ తగ్గని మధ్యస్థ, తీవ్ర సందర్భాల్లో హెల్మెట్‌ను సమర్థించాయి.

హెల్మెట్ పెట్టినందుకు నాకు విచారం లేదు. అయితే ఆపే నిర్ణయానికి ఆ నెదర్లాండ్స్ అధ్యయనం నాకు బాగా ఉపయోగపడింది. హెల్మెట్ లేకున్నా పిల్లల తలలు కొంత సర్దుకుంటాయని అది చూపింది. కాబట్టి ఇకపై వచ్చే ప్రతి మిల్లీమీటరునూ హెల్మెట్ ఖాతాలో వేయడం సరికాదు. వచ్చే నెల హెల్మెట్ ఉంటే ఎంత తగ్గుతుంది, లేకపోతే ఎంత తగ్గుతుంది అన్న రెండింటి మధ్య తేడాయే అసలు లెక్క. వయసు పెరిగేకొద్దీ ఆ తేడా కుంచించుకుపోతుంది.

ఎనిమిది, ఎనిమిదిన్నర నెలలు, సెప్టెంబరు

ఎనిమిదో నెల నిండినప్పుడు 145, 139: తేడా 6, శాతం 4.1. ఎనిమిదిన్నరకు 145, 140: తేడా 5, శాతం 3.4. చుట్టుకొలత 45.0.

3.4 అని వినగానే మా వారు "అయిపోయినట్టేగా, మొదటి మెట్టుకు వచ్చాడు" అన్నారు. నాకూ సంతోషమే. అయినా ఆ ఒక్క అంకె మీద నిర్ణయం తీసుకోవడానికి నేను ఒప్పుకోలేదు. కారణం కొలతలోనే ఉంది. స్కాన్ తీసేముందు బాబు తలకు సాగే గుడ్డ తొడుగు వేస్తారు. ఒత్తయిన జుట్టు ఆ తొడుగు కింద ఒక చోట చేరితే అక్కడ తల ఎత్తుగా నమోదవుతుంది. వాడు గడ్డం పైకెత్తితే మధ్యగీత జరుగుతుంది. ఇంట్లో రెండు బిందువుల మధ్య దూరం కొలిచే క్యాలిపర్‌తో ఒకే సాయంత్రం, ఒకరు పట్టుకుని మరొకరు కొలిచినప్పుడు కూడా అంకెలు 2 మి.మీ. దాకా మారుతున్నాయి, బిందువు కాస్త పక్కకు జరిగితే చాలు. స్కాన్ ఇంతకంటే మెరుగే, కానీ దానికీ పొరపాటు పరిధి ఉంటుంది. పట్టికలో 3.5 దగ్గర గీసిన గీతకు అటూ ఇటూ ఉన్న రెండు తలలను ఎదురెదురుగా పెడితే కంటికి తేడా తెలియదు. అందుకని వరసగా రెండు స్కాన్లు ఒకే దిశలో చెబితేనే నమ్మాలని నిర్ణయించుకున్నాను.

ఈ మధ్యలో పళ్ళు రావడం మొదలైంది. హెల్మెట్ వల్ల ఏడుస్తున్నాడా, చిగుళ్ళ వల్లా అన్నది తెలియక రెండు రాత్రులు అందరం మేలుకున్నాం. చర్మం శుభ్రంగా ఉంది, ఎరుపు త్వరగానే పోతోంది, కాబట్టి ఆ ఏడుపును ఆపడానికి కారణంగా లెక్కించలేదు.

తొమ్మిది నెలలు, అక్టోబరు

146, 140. తేడా మళ్ళీ 6, శాతం 4.1. చుట్టుకొలత 45.2.

పోయినసారి మొదటి మెట్టు, ఈసారి రెండో మెట్టు. తల వెనక్కి వెళ్ళలేదు, అంకె ఊగిసలాడింది, అంతే. తేడా మూడు స్కాన్లుగా 5, 6 మి.మీ. మధ్యే తిరుగుతోంది. పొట్టి గీత మొదటి నెలలో 5 మి.మీ., రెండో నెలలో 2 మి.మీ. పెరిగింది, ఆ తరవాత ఒక్కొక్క మిల్లీమీటరు, ఇప్పుడు ఏమీ లేదు. మార్పు కొలత పొరపాటుకంటే చిన్నదైపోయింది. నా రెండో ప్రశ్నకు ఇదే జవాబు.

లోపలి నురుగును ఇక చెక్కడానికి చోటు లేదని, ఈ హెల్మెట్ బిగువవుతోందని ఆర్థోటిస్టు చెప్పారు. కొనసాగించాలంటే రెండో హెల్మెట్ చేయించుకోవాలి. మరో మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు తగ్గే అవకాశం ఉందన్నారు. ఆవిడ ఒత్తిడి చేయలేదు, నిర్ణయం మాకే వదిలారు. అయినా హెల్మెట్ తయారుచేసే చోట మాత్రమే అడిగి ఇలాంటి నిర్ణయం తీసుకోకూడదని నా అభిప్రాయం. మొదట క్రేనియోసినోస్టోసిస్ లేదని తేల్చిన న్యూరోసర్జన్ దగ్గరికే స్కాన్లన్నీ తీసుకువెళ్ళాం. ఆయన అంకెలకంటే ముందు బాబు మెడ చూశారు. గిలక ఊపుతూ ఒకవైపు నుంచి మరోవైపుకు తీసుకువెళితే గడ్డం రెండు భుజాల మీదికీ సమానంగా వచ్చింది. కూర్చోబెడితే తల ఏ పక్కకూ ఒరగలేదు. వాడు ఇప్పుడు తనంతట తాను కూర్చుంటున్నాడు, దోగాడుతున్నాడు, నిద్రలో తనకు నచ్చినట్టు తిరుగుతున్నాడు. ఒకే చోట ఒత్తిడి పడే రోజులు పోయాయి కాబట్టి తల మళ్ళీ చదునయ్యే భయం పెద్దగా లేదని, మెడ బిగువు మిగిలి ఉంటే మాత్రం ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదని ఆయన అన్నారు.

మిగిలినవి రెండు. కుడి చెవి ఇప్పటికీ వెంట్రుకవాసి ముందుకు ఉంది. ఐమూల గీతల లెక్కలోకి చెవులు రావు. రెండో హెల్మెట్ పెట్టినా చెవి పూర్తిగా సర్దుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. పైనుంచి తీసిన ఫొటోలో కుడి వెనక భాగం కొద్దిగా చదునుగా కనిపిస్తుంది. జుట్టు దువ్వితే కనిపించదు.

ఇంకో విషయం కూడా ఇంట్లో నలిగింది. డిసెంబరులో ఊరికి వెళ్ళి, పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని పెద్దలు అనుకున్నారు. గుండు చేయిస్తే హెల్మెట్ అమరిక మారిపోతుంది, అక్కడ సరిచేసేవారిని వెతకాలి, ప్రయాణంలో గంటల లెక్క తప్పుతుంది. అందుకే నవంబరు దాకా ఉంచి తీసేద్దామని ఒకరు, ప్రయాణాన్నే వాయిదా వేద్దామని మరొకరు అన్నారు. మొక్కు తీర్చుకోవడం మాకు ముఖ్యమే, కానీ ప్రయాణపు తేదీని బట్టి చికిత్సను పొడిగించడమూ తగ్గించడమూ రెండూ తప్పే. కొలతలు దిగుతూ ఉంటే ప్రయాణం ఆపేవాళ్ళం. అవి నిలిచిపోయాయి కాబట్టి ఆ అవసరం రాలేదు.

అత్తయ్యగారిని అడిగితే, "డాక్టరుగారు మెడ బాగుందన్నారు కదమ్మా, ఇంకెందుకు వాడికి కష్టం" అన్నారు. మా వారికి ఆ చెవి విషయం కొంత పట్టింది. రెండు రోజులు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుని, చివరికి ఆయనే ఆపేద్దామన్నారు. రెండో హెల్మెట్ వద్దనుకున్నాం. గంటలు క్రమంగా తగ్గించడం అవసరం లేదని ఆర్థోటిస్టు చెప్పడంతో మొత్తంగా ఒకేసారి తీసేశాం.

బాబు తొలి రెండు మూడు రోజులు తల అటూ ఇటూ గోడలకు తగిలించుకున్నాడు. ఇన్నాళ్ళూ హెల్మెట్ కాస్తుండటంతో దూరం అంచనా లేదు. మంచం అంచులకూ బల్ల మూలలకూ మెత్తని పట్టీలు అతికించాం. మెడ వ్యాయామాలు రోజుకు ఒకసారి కొనసాగిస్తున్నాం, ఇవి ఏడాది నిండేదాకా మానవద్దని ఫిజియోథెరపిస్టు చెప్పారు.

పన్నెండు నెలలు, జనవరి

తిరుమల నుంచి వచ్చాక, గుండు మీద కొత్తగా జుట్టు మొలుస్తుండగా తీసిన స్కాన్ కాబట్టి ఇది అన్నింటిలోకీ నమ్మదగినది. 148, 143. తేడా 5, శాతం 3.4. చుట్టుకొలత 46.1 సెం.మీ. హెల్మెట్ లేని ఈ మూడు నెలల్లో తేడా పెరగలేదు. 6 నుంచి 5కి తగ్గిందని అనడానికి కూడా నేను సిద్ధంగా లేను, అది కొలత పరిధిలోనిదే.

మెడ ఇరువైపులా సమానంగా తిరుగుతోందని ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు ఆపేయమన్నారు. న్యూరోసర్జన్ మళ్ళీ రానవసరం లేదన్నారు. కుడి చెవి తేడా కొద్దిగా మిగిలే ఉంది. దానికి చేయవలసిందేమీ లేదు, ఎప్పుడైనా కళ్ళజోడు అవసరమైతే ఫ్రేము కాడను ఒకవైపు సరిచేయించుకుంటే చాలునని చెప్పారు. ఆ మాటనూ అన్ని స్కాన్ల కాగితాలనూ టీకాల కార్డు ఉన్న ఫైల్లోనే పెట్టాను.